ఆ దారిలో మనకు ఇల్లు లేదు

మా అక్క పోయి నెల తిరిగిన రోజున, ఆలంగుళంలో వాళ్ల ఇంటి ముందు షామియానా వేసి ప్రార్థన పెట్టారు. నేను చేరేసరికి పాటలు అయిపోయాయి. పాస్టరుగారు ముగింపు ప్రార్థనకు కళ్లు మూసుకోబోతున్నారు. నా ఒళ్లంతా దుమ్ము, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది, చేతిలో హెల్మెట్టు. ఎవరికీ కనబడకుండా వెనక కుర్చీలో కూర్చుందామనుకుంటే, మా అక్క కూతురు ఎస్తేరు అంత దూరం నుంచే పట్టేసింది.

"ఏమి మామా, ఇంతసేపు చేస్తివే?"

"దారిలో చార్జి అయిపోయిందమ్మా," అన్నాను.

అంతే. ముందు ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత వాళ్ల తమ్ముడు, తర్వాత పక్కింటి వాళ్లు, చివరికి పాస్టరుగారు కూడా. నెల రోజులుగా ఏడుస్తున్న ఇల్లు పకపకా నవ్వింది. "నిజంగానే అయిపోయింది," అన్నాను. ఇంకా నవ్వారు. నేను పుట్టిన నాటినుంచి జనాన్ని నవ్వించడమే పనిగా పెట్టుకున్నవాణ్ని. పెళ్లిళ్లలో నవ్వించాను, పోలీస్ స్టేషన్‌లో ఒకసారి నవ్వించాను. ఒట్టి నిజం చెప్పి ఇంతమందిని నవ్వించడం మాత్రం అదే మొదటిసారి. అక్క నా గురించి వాళ్లకు ఏం చెప్పి పోయిందో అప్పుడు అర్థమైంది.

నిజంగానే అయిపోయింది. నాది ఇప్పుడు కరెంటు స్కూటరు. వెంబకోట్టై దాటాక, రెండు పక్కలా సర్కారు తుమ్మ తప్ప మరేమీ లేని చోట, మూలిగి ఆగిపోయింది. నెట్టుకుంటూ పోతే ఒక కొత్త మేడ కనబడింది. గంట నొక్కాను. తలుపు తెరుచుకోలేదు, కిటికీ తెరుచుకుంది. లోపలి ఆవిడ నన్నూ స్కూటరునూ చూసి, ఏమీ అడగకుండా కిటికీ కమ్మీల మధ్యనుంచి ఒక పొడుగు వైరు బయటికి వదిలింది. "అయ్యాక వైరు లోపలికి తోసేసి పోండి పెద్దాయనా," అని తమిళంలో చెప్పి కిటికీ మూసుకుంది. మంచి మనిషే. అడగకముందే కరెంటు ఇచ్చింది. కానీ ఎండ వాలేదాకా ఆ మెట్ల మీద కూర్చుని, ఎవరు, ఏ ఊరు, ఎక్కడికి పోతున్నావు అని అడిగితే చెప్పడానికి నా కథంతా వరసలో పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. లోపల టీవీలో ఎవరో పోట్లాడుకుంటున్నారు. వైరు చివర స్కూటరుకు నేను కాపలా, నాకు స్కూటరు కాపలా.

ఇదే దారిలో ఒకప్పుడు నూనె అయిపోవడమంటే వేరే సంగతి. నూనె అంటే మాకు డీజిలే. మా ఇంట్లో అన్నంలో నెయ్యి పడకపోతే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు గానీ వ్యాన్‌లో నూనె లేదంటే ఊపిరి ఆగిపోయినట్టు చూసేవాళ్లు.

కోవిల్పట్టిలో మా ఇల్లు అగ్గిపెట్టెల ఇల్లు. అంటే ఫ్యాక్టరీ మాది కాదు, ఫ్యాక్టరీ సరుకు మా ఇంట్లో ఉండేది. ముందు గదిలో ఖాళీ పెట్టెలు, వెనక గదిలో పుల్లల కట్టలు, మధ్యగదిలో మేము, మిగిలిన చోటు ఉంటే. అమ్మ పొద్దున లేవగానే మైదాపిండిలో మైలుతుత్తం వేసి బంక కాచేది. పురుగు పట్టకుండా ఉండడానికి ఆ తుత్తం. లేబుళ్లు అతికించి అతికించి అమ్మ వేళ్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి. చిన్నప్పుడు నేను అమ్మలందరికీ వేళ్లు నీలంగానే ఉంటాయనుకున్నాను. పొయ్యి మాత్రం ఇంట్లో ఉండకూడదు. పెరటి చివర, గోడ అవతలికి పోతుందా అన్నంత దూరంలో ఉండేది. అంత దూరం నుంచి కూడు మా దగ్గరికి వచ్చేసరికి చల్లబడిపోయేది. ఊరందరికీ నిప్పు సరఫరా చేసే ఇంట్లో పుట్టి, వేడి వేడి అన్నం తిన్న జ్ఞాపకం నాకు లేదు.

నాయనకు ఒక పాత డీజిల్ వ్యాన్ ఉండేది. పల్లెల్లో ఇళ్లకు పుల్లలూ ఖాళీ పెట్టెలూ వేయడం, నింపిన కట్టలు ఎత్తుకుని విరుదునగర్ గోడౌన్లలో దించడం ఆయన పని. కంటిచూపు మందగించాక స్టీరింగ్ నా చేతికి వచ్చింది. అప్పటికే నేను బడికి దండం పెట్టేసి చాలా కాలమైంది. లెక్కల వాద్యారు ఒక రోజు, తొట్టిలో ఒక పక్క నీళ్లు పడుతున్నాయి, ఇంకో పక్క కారుతున్నాయి, ఎప్పటికి నిండుతుంది అని అడిగాడు. "ముందు కారేది మూయండి సార్," అన్నాను. బయట నిలబడమన్నాడు. నిలబడ్డాను. నిలబడి నిలబడి కాళ్లు నొప్పెట్టి ఇంటికి వచ్చేశాను. ఇంకా లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.

వ్యాన్‌లో నూనె చూపించే ముల్లు నేను పుట్టకముందే పనిచేయడం మానేసింది. నాయనకు ఒక చింతబరిక ఉండేది. తెల్లవారగానే బంకులో నూనె పట్టించుకొచ్చి, బరికను ట్యాంకులోకి దించి, పైకి తీసి, తడి ఎంతవరకు ఉందో వేలితో పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, తువ్వాలుతో తుడిచి సీటు వెనక దోపేవాడు. గుడిలో పూజారి కూడా అంత నిష్ఠగా చేయడు. "చాలు, పో" అనేవాడు. ఆయన చాలు అంటే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. మా వ్యాన్‌లో అగ్గిపెట్టెలు. అగ్గిపెట్టెల పక్కన నూనె క్యాన్ పెట్టుకుని తిరిగేవాడు ఇంటికి రాడు, పేపర్లోకి వస్తాడు. అందుకని మా లోడు బళ్లలో ఎవరూ స్పేర్ క్యాన్ తీసుకుపోయేవాళ్లు కాదు. దానికి బదులు దారి పొడవునా తెలిసిన ఇళ్లలో క్యాన్లు ఉండేవి. ఇక్కడ అమ్మ వాళ్ల పెదనాన్న ఇల్లు, అక్కడ నాయనతో కలిసి తిరిగిన ఒక డ్రైవరు ఇల్లు, ఇంకో చోట పంపుసెట్టు ఉన్న రైతు. పశువుల కొట్టంలోనో, జొన్నచొప్ప వెనకో క్యాన్ ఉంటుంది. నూనె అయిపోతే నడిచి వెళ్లి తెచ్చుకోవాలి, తర్వాతి వారం నింపి మళ్లీ అక్కడే పెట్టాలి. కానీ ఏ ఇంట్లోనూ క్యాన్ తీసుకుని ఊరికే రానిచ్చేవాళ్లు కాదు. నీళ్లు తాగాలి, తినాలి, మీ అమ్మ నడుం నొప్పి ఎట్లా ఉంది అనే దానికి జవాబు చెప్పాలి. బంకుల్లో స్టాకు లేదని బోర్డులు పెట్టిన రోజుల్లో ఆ ఇళ్లే మాకు బంకులు. మరీ ఇరుకున పడితే రేషన్ కిరసనాయిలు కలిపేవాళ్లం. వ్యాన్ తెల్లపొగ వదులుతూ పోయేది. ఇళ్లలోంచి ఆడవాళ్లు, "అదో, కిరసనాయిలు తాగి పోతా ఉండాడు," అని నన్ను చూపించి నవ్వేవాళ్లు. ట్యూబుతో నోటితో పీల్చినప్పుడు నోట్లోకి పోయిన ఆ రుచి ఉందే, అమ్మ పెట్టిన చల్లారిన అన్నంలోనూ, పండగ పాయసంలోనూ అదే.

వెంబకోట్టై దాటాక ఆలంగుళం వైపు పోయే దారిలో మాత్రం మాకు క్యాన్ లేదు. ఎందుకంటే ఆ దారిలో క్యాన్ పెట్టుకునేంత దగ్గరి మనిషి మా అక్క ఒక్కతే.

అక్క నాకంటే చాలా పెద్దది. పేరు సుబ్బక్క. అమ్మ బంక పనిలో ఉంటే నన్ను ఎత్తుకుని తిరిగింది అక్కే. నాకు జోకులు వేయడం నేర్పిందీ అక్కే. ఒకరి మీద జోకు వేస్తే వాళ్లు ముందు నవ్వాలిరా, నువ్వు తర్వాత నవ్వు, అనేది. అలాంటి అక్క ఆలంగుళం సున్నపురాయి క్వారీలో పనిచేసే ఒకాయనను చేసుకుంది. మా బావది మా భాషే, మా కూలి బతుకే, మా నల్లరంగే. ఆదివారం పోయే చోటు ఒక్కటే వేరు. ఆ ఒక్కటీ నాయనకు సరిపోలేదు. కొట్టలేదు, తిట్టలేదు. అక్క కట్టుకున్న చీరతో వెళ్లిపోయిన రోజు ఆయన బరికను తుడుస్తూ, "ఇంక ఆ దారిలో మనకు ఇల్లు లేదు," అన్నాడు. అమ్మ నీలం వేళ్లతో ముఖం మూసుకుంది. మా ఇంట్లో అక్క పేరు పలకడం ఆ రోజుతో ఆగిపోయింది. అక్క కూర్చుని పెట్టెలు నింపే చోట పుల్లల కట్టలు పెట్టేశారు.

నాకు మాత్రం ఆ దారి తప్పలేదు. సరుకు వేయాల్సిన పల్లెలు అటే ఉన్నాయి. అక్క వాళ్ల ఊరు పక్కనుంచి పోవడమే, ఆగడానికి లేదు. అటువైపు మా వాళ్ల ఇళ్లున్న పల్లెలే. ఎవరి బండి ఎక్కడ ఆగిందో సాయంత్రానికి కోవిల్పట్టికి తెలిసిపోతుంది.

అక్క వెళ్లిపోయిన మరుసటి ఎండాకాలంలో కాబోలు, ఆ ఊరికి ముందున్న మెట్ట ఎక్కుతుండగా వ్యాన్ దగ్గింది. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. నూనె ఖాళీ. మెట్ట కొన మీద ఉన్నాను గనుక న్యూట్రల్ చేసి దొర్లిస్తూ దిగాను. దొర్లి దొర్లి సరిగ్గా అక్క వాళ్ల వీధి మొదట్లో ఆగింది. అక్క బయట బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి చేతిలో తడి చీరతోనే నిలబడిపోయింది. నేను దిగలేదు. అక్కే వచ్చింది.

"ఏమిరా, ఈడ నిలిపితివి? చూసినోళ్లు పోయి నాయనతో చెప్తారే."

"నేనా నిలిపింది? నూనె లేదు. నూనె లేనోడు యాడ నిలిచినా తప్పు లేదు."

అక్క కాసేపు నా ముఖం చూసింది. తర్వాత తల వెనక్కి వేసి నవ్వింది. నిజమే. నూనె లేక నిలబడ్డవాడిని ఏ ఇంటికి ఎందుకు పోయావని ఎవరూ అడగరు. అది మా బళ్లవాళ్ల ధర్మం. బావ పనిచేసే చోట ట్రాక్టరు డ్రైవర్ని అడిగి నూనె తెచ్చాడు. దానితో అయిపోలేదు. డీజిల్ బండి నూనె పూర్తిగా తాగి ఆగిపోతే పైపుల్లో గాలి పట్టేస్తుంది, దాన్నే ఎయిర్‌లాక్ అంటారు. నట్టు వదులు చేసి, చేతిపంపు కొట్టి కొట్టి, బుడగలు పోయి ఒట్టి నూనె వచ్చేదాకా గాలి తీయాలి. అప్పటికీ ఇంజిన్ అలుగుతుంది. ఆ గాలి తీసే పని ఆ రోజు మధ్యాహ్నం దాకా పట్టింది. అంతసేపూ అక్క పక్కనే కూర్చుని ఊళ్లో అందరి గురించీ అడిగింది. అమ్మ నడుం, ఎదురింటి ముసలమ్మ చెవిపోగులు, మా కోడిపెట్ట. నాయన గురించి మాత్రం అడగలేదు. నేను పోయేటప్పుడు, "నూనె మళ్లీ అయిపోతాదా?" అంది.

"నాయన కొలత బట్టి ఉండాది," అన్నాను.

మరుసటి వారం మళ్లీ అయిపోయింది. ఆ పై వారం కూడా. ఒక్కోసారి మెట్టకు ముందే, ఒక్కోసారి మెట్ట మీద. ముందే ఆగితే ఎవరినైనా పిలిచి తోయించేవాణ్ని. అక్క ఇంట్లో ఒక క్యాన్ వెలిసింది. దారిలో వెంబకోట్టై దగ్గర బంకు ఉంది. నేను చేసిన మోసమల్లా ఆ బంకు కనబడగానే తల రెండోవైపు తిప్పుకోవడమే. నాయన ముసలివాడైపోయాడు, బరిక అరిగిపోయింది, తడి ఎంతవరకు ఉందో కళ్లకు ఆనడం లేదు, నాకదే బాగుంది అనుకున్నాను. గాలి తీసే పని ఎంత నిదానంగా చేయవచ్చో ఆ రోజుల్లో నేర్చుకున్నంత ఇంకెవరూ నేర్చుకుని ఉండరు. ఒక నట్టు విప్పి, అక్క చేసిన మురుకు తిని, ఇంకో నట్టు విప్పేవాణ్ని. నాకు తెలుగు అక్షరాలు వచ్చిందీ అక్కడే. మా ఇంట్లో తెలుగు నోట్లో ఉండేది గానీ కాగితం మీద ఎవరూ చూడలేదు. బావ దగ్గర తెలుగు పాటల పుస్తకం ఉండేది. బానెట్టు మీద దాన్ని తెరిచిపెట్టి, నూనె చేతులతో ముట్టుకోవద్దని దూరంనుంచి పుల్లతో ఒక్కో అక్షరం చూపించేవాడు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ రాతంతా ఎయిర్‌లాక్ పుణ్యం.

ఇంటికి వస్తే నాయన ఒకటే అడిగేవాడు. "దారిలో నిలిచిందా?"

"నిలిచింది నాయనా."

"నీళ్లు దొరికినాయా తాగేదానికి?"

"దొరికినాయి."

"ఆ," అనేవాడు. పక్కకు తిరిగి వక్కాకు నమిలేవాడు. అమ్మ మాత్రం నన్ను పెరట్లోకి తీసుకుపోయి, అక్క ఏం చీర కట్టుకుంది, చిక్కిందా, కడుపుతో ఉందా అని గొణుగుతూ అడిగేది. అక్కకు ఎస్తేరు పుట్టిన వారం వ్యాన్ ఎక్కువసేపు నిలబడిపోయింది. నాయన ఆ రోజు నీళ్ల గురించి రెండుసార్లు అడిగాడు.

ఎస్తేరు నడక నేర్చుకుంటున్నప్పుడు అనుకుంటాను, ఒక రోజు నాయన తువ్వాలు భుజాన వేసుకుని నా పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. "విరుదునగర్ గోడౌన్‌లో మాట్లాడాల," అన్నాడు. ఆయన పక్కన ఉండగా అక్క వీధిలో బండి ఆగితే, అక్క క్యాన్ ఎత్తుకుని ఎదురొస్తే, మా ఆట అక్కడితో సరి. ఇంక ఎప్పటికీ అక్కను చూడనివ్వడు. అందుకని వెంబకోట్టై దగ్గర బంకు కనబడగానే నేను తల తిప్పుకోలేదు, స్టీరింగే తిప్పాను.

"యాడికి?" అన్నాడు నాయన.

"నూనె పడదాం నాయనా. తక్కువ ఉన్నట్టుండాది."

"చాలు. నేను చూసినాను గదా. పోనీ."

పోనిచ్చాను. మెట్ట కనబడింది. సగం ఎక్కేసరికి వ్యాన్ దగ్గింది. ఇంకోసారి దగ్గి, పైకి చేరి, ఆగిపోయింది. బయట సర్కారు తుమ్మలో గాలి చప్పుడు. నాయన కిటికీలోంచి అటే చూస్తూ, చాలా మామూలుగా అన్నాడు:

"న్యూట్రల్ చెయ్యిరా. దొర్లుకుంటా పోతాది."

వ్యాన్ దిగువకు దొర్లుతుంటే నేను ఆయన ముఖం చూశాను. ఆయన చూడనివ్వలేదు. ఇన్నాళ్లూ నా తెలివి అనుకున్నదేదీ నాది కాదు. బరిక అరగలేదు. కళ్లకు ఆనకపోవడం కాదు. తెల్లవారగానే తడి ఎక్కడిదాకా ఉండాలో, ఏ మెట్ట దాకా రావాలో కొలిచి మరీ చాలు అనేవాడు. కూతురింటికి పొమ్మని చెప్పడానికి నోరు రాని మనిషి, నూనె తగ్గించి పంపాడు.

బండి వీధి మొదట్లో ఆగింది. అక్కకు చప్పుడు లేకుండా దొర్లుకొచ్చే బండి అలవాటే. ఒక చంకలో ఎస్తేరు, ఇంకో చేత్తో క్యాన్, ముఖం నిండా నవ్వుతో వస్తూ, దూరం నుంచే అరిచింది.

"ఏమిరా, ఈ వారం కూడా ఆ పిసినారి ముసలోడు నూనె తగ్గిచ్చినాడా?"

తర్వాత లోపల ఎవరున్నారో చూసింది. క్యాన్ చేతిలోంచి జారి మట్టిలో పడింది. మూత గట్టిగా ఉండబట్టి సరిపోయింది. ఎస్తేరు ఒక్కతే హాయిగా నాయన వంక చూస్తోంది. నేను నా జీవితంలో ఒక్కసారి జోకు దొరకక నిలబడ్డది అప్పుడే.

నాయన ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తూ అన్నాడు. "బరిక అరిగిపోయింది. దానికి నేనేమి చేసేది."

నేను దిగి క్యాన్ తీసుకుని నూనె పోశాను, బానెట్టు ఎత్తాను, చేతిపంపు కొట్టాను. ఆయన అక్కడే కూర్చుని కాసేపు చూశాడు. నేను పనిచేసే తీరు ఓర్చుకోలేకపోయాడు. "తప్పుకోరా, నువ్వు గాలి తీస్తావుండావా, గాలి ఎక్కిస్తావుండావా," అని దిగి వచ్చి, తువ్వాలు తలకు చుట్టుకుని తనే మొదలుపెట్టాడు. నేను పూటంతా సాగదీసే పని ఆయన చిటికెలో చేశాడు. ఇంజిన్ పట్టుకుంది. చేతులు రెండూ నూనె. అక్క చెంబుతో నీళ్లు తెచ్చి పోసింది, ఆయన కడుక్కున్నాడు. సబ్బు బిళ్ల ఇచ్చింది, తీసుకున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఇద్దరూ ఆ నీళ్లధారనే చూస్తున్నారు.

అక్క ఇంటి గోడకు ఆనించి ఒక బండరాయి ఉండేది. నాయన దాని మీద కూర్చున్నాడు. అక్క పరుగున లోపలికి పోయి సజ్జ సంగటి, చల్ల, వేయించిన మిరపకాయలు తెచ్చి పెట్టింది. వ్యాన్ ఇంజిన్ ఆగకుండా తిరుగుతూనే ఉంది, ఆపవద్దని ఆయనే సైగ చేశాడు. సంగటి వేడివేడిగా ఉంది. ఆయన వేళ్లు కాలి ఊదుకుంటూ తిన్నాడు. సగం తిన్నాక, పళ్లెం వంకే చూస్తూ, "ఉప్పు తక్కువ," అన్నాడు.

ఇల్లు విడిచాక కూతురితో ఆయన నేరుగా అన్న మొదటి మాట అది. అక్క నవ్వబోయి ఏడ్చేసింది. ఏడుస్తూనే, "నీ ఉప్పు కొలత మరిసిపోతిని నాయనా. నాలుగు తూర్లు వస్తే మల్లా వస్తాది," అంది.

అంతలో బావ పని ముగించుకుని వచ్చాడు. తల నుంచి పాదాల దాకా సున్నపురాయి దుమ్ము. నాయనను చూసి అక్కడే ఆగి, దుమ్ము దులుపుకోవాలా వద్దా అని తెలియక, చేతులు కట్టుకున్నాడు. "లోపలికి రండి మామా," అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. నాయన గుమ్మం వైపు చూశాడు. తలుపు తెరిచే ఉంది. లోపల ఎస్తేరు ఉయ్యాల, ఒక మూల నేను నాయనకు తెలియకుండా తెచ్చి ఇచ్చిన అగ్గిపెట్టెల కట్ట కూడా కనబడుతోంది. నాయన పైకి లేచాడు. ఆయన ఒక అడుగు అటు వేశాడనే నా నమ్మకం. అక్క మాత్రం తను పోయేదాకా, ఆయన ఆ అడుగు వేయలేదనే చెప్పింది.

"బండి స్టార్టయింది," అన్నాడు నాయన. "లోడు ఉండాది." తువ్వాలు దులుపుకుని వచ్చి ఎక్కాడు.

విరుదునగర్ గోడౌన్‌లో ఎవరితోనూ మాట్లాడలేదు. తిరుగు దారి మెయిన్ రోడ్డు, అందులో సాత్తూరు దాటాక మాత్రం ఒకసారి, "పిల్లకు ముక్కు మనదే," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ దారిలో రాలేదు. నూనె మాత్రం తగ్గుతూనే ఉంది. మంచం పట్టాక కూడా నన్ను పిలిచి, బరిక తెప్పించుకుని, తడి వేలితో చూసుకుని, చాలు అనేవాడు. ఆయన పోయిన రోజున అక్క వచ్చింది. వాకిట్లో ఆడవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. అక్క తిన్నగా లోపలికి వెళ్లి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. అనే మనిషి లేడు.

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది. మెట్టను సగం తవ్వేశారు. బంకుల్లో యూనిఫాం వేసుకున్న పిల్లలు గాలి కూడా ఊరికే కొడతారు. పశువుల కొట్టాల్లో క్యాన్లు లేవు, ఆ ఇళ్లవాళ్ల పేర్లు నాకు తప్ప ఎవరికీ గుర్తు లేవు. నా భార్య పోయాక కోవిల్పట్టి ఇంట్లో నేనొక్కణ్నే. పొయ్యి ఇప్పుడు ఇంట్లోనే ఉంది, అన్నం వేడిగానే ఉంటుంది. ఎదురుగా కూర్చుని ఉప్పు చూసేవాళ్లు లేరు. జోకు వస్తుంది, ఎవరికి చెప్పాలో తెలియక మింగేస్తాను. అక్కను వారం వారం చూసినవాణ్ని, తర్వాత నెలకోసారి చూశాను, తర్వాత క్రిస్మస్‌కు, తర్వాత ఫోన్లో. పోట్లాట ఏమీ లేదు. ఎవరూ పోవద్దనలేదు. ఆ తగ్గడం ఎక్కడ మొదలైందో మాత్రం నాకు బాగా గుర్తుంది.

నాయన కర్మలు అయ్యాక మొదటి లోడు అది. ట్యాంకు నిండా నూనె పట్టించాను. ఇంక ఎవరికి భయం, ఎవరికి లెక్క చెప్పాలి, రాజాలాగా అక్క ఇంటి ముందే ఆపుతాను అనుకున్నాను. ఇంజిన్ చప్పుడు చేసుకుంటూ మెట్ట దిగి, హారన్ కొట్టుకుంటూ ఆపాను. అక్క అంట్లు తోముతూ చేతుల బూడిదతోనే బయటికి వచ్చింది.

"ఏమిరా, బండికి ఏమాయె?"

"ఏమీ కాలేదు. బాగుండాది."

"నూనె?"

"నిండా ఉండాది."

"ఓ," అంది అక్క. "మరి, కూర్చో."

బండరాయి మీద కూర్చున్నాను. అక్క గుమ్మంలో కూర్చుంది. ఇద్దరం వ్యాన్ వంక చూశాం. అది ఎండలో మెరుస్తూ నిలబడి ఉంది, ఏ జబ్బూ లేకుండా. నా చేతులకు విప్పడానికి ఒక నట్టు లేదు. అక్కకు అందించడానికి ఒక గుడ్డపీలిక లేదు. "అమ్మ బాగుండాదా?" అంది. బాగుంది అన్నాను. "నువ్వు?" అంది. బాగున్నాను అన్నాను. ఇంతకుముందు పూటంతా ఆగకుండా మాట్లాడుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో తెలియలేదు. వాటికి పక్కన ఏదో ఒక పని ఉండాలి కాబోలు. కాసేపటికి, లోడు ఉంది అని నేను లేచాను. "ఉండు, నీళ్లన్నా తాగి పో," అని అక్క లోపలికి పోబోయి, చేతులకున్న బూడిద చూసుకుని, కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వంగింది. నేను ఎక్కి ఊరికే తాళం తిప్పి చూశాను. వ్యాన్ ఒక్క తిప్పుకే పట్టుకుంది, ఇంక ఆగడానికి సాకు లేకుండా. అక్క తల ఎత్తి చూసింది. ఇంకా చేతులు కడుక్కుంటూనే ఉంది.